దున్నకు ఇద్దరు డ్రైవర్లు, ఒక కోచ్

2023లో నేను కరీంనగర్‌లోని ఒక బాలికల గురుకుల పాఠశాలలో ఫిజిక్స్ చెబుతున్నాను. పాఠాలు కాక నాకు అప్పగించిన ఇంకో పని రోబోటిక్స్ క్లబ్. పాత కంప్యూటర్ గదిలో బల్లలన్నీ గోడలకు జరిపి, నేల మీద మెత్తటి రబ్బరు పలకలు పరిచి, చుట్టూ చెక్కతో అంచు కట్టించాం. పోటీలో రోబోలు దిగే మైదానం కూడా సరిగ్గా అంతే ఉంటుంది. సుల్తానాబాద్, మంథని, హుస్నాబాద్, అటు ఆదిలాబాద్ దాకా రకరకాల ఊళ్ల నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే పిల్లలు మావాళ్లు. సాయంత్రం ఆటల గంట కొట్టగానే చాలామంది గ్రౌండ్‌కు పరిగెత్తేవారు. కొందరు మాత్రం స్క్రూడ్రైవర్లు వెతుక్కుంటూ నా గదికి వచ్చేవారు.

ఆ ఏడాది వాళ్లు తయారుచేసిన రోబోకు 'దున్న' అని పేరు పెట్టుకున్నారు. ముందుభాగం కిందికి వంగి, ఎదురొచ్చిన బంతుల్ని కుమ్ముకుంటూ పోయేది. దాన్ని చూసిన ఎవరికైనా వేరే పేరు తట్టదు.

ఈ పోటీ గురించి తెలియనివారికి కొంచెం చెప్పాలి. మైదానంలో ఒకేసారి నాలుగు రోబోలు దిగుతాయి. రెండు జట్లు ఒకవైపు, రెండు జట్లు మరోవైపు. ఇలా జతకట్టడాన్ని అలయెన్స్ అంటారు. మొదటి అర నిమిషం రోబో ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ప్రకారం తనంతట తానే నడవాలి. తర్వాతి రెండు నిమిషాలు పిల్లలు గేమ్‌ప్యాడ్ పట్టుకుని నడుపుతారు. నేల మీది బంతుల్ని ఏరి బుట్టల్లో వేయాలి. బుట్ట ఎంత ఎత్తున ఉంటే పాయింట్లు అంత ఎక్కువ. గేమ్‌ప్యాడ్లు పట్టుకునేది ఇద్దరు డ్రైవర్లు. ఒకరు చక్రాలు చూసుకుంటారు, ఇంకొకరు బంతిని ఎత్తే చేయి చూసుకుంటారు. వాళ్ల వెనక నిలబడేది డ్రైవ్ కోచ్. పేరు కోచ్ అయినా మా జట్టులో ఆ పని కూడా పిల్లలదే. కోచ్ గేమ్‌ప్యాడ్ ముట్టుకోకూడదు. ఉన్నదల్లా నోరు ఒక్కటే. మాలాంటి టీచర్లు ప్రేక్షకుల్లో కూర్చుని గోళ్లు కొరుక్కోవలసిందే.

రోబో కట్టడమే కష్టమని అందరూ అనుకుంటారు. మోటారు కాలిపోతే కొత్తది బిగించవచ్చు. ప్రోగ్రాం తప్పితే మళ్లీ రాయవచ్చు. ఈ ముగ్గుర్నీ ఎంచుకోవడం మాత్రం అలా సరిదిద్దుకునే పని కాదు. ఎవర్ని వద్దన్నా ఒక పిల్ల మనసు విరుగుతుంది.

డ్రైవర్ల కోసం పరీక్ష పెట్టినప్పుడు నేను వేగం ఒక్కటే చూడను. రోబో మన నుంచి దూరంగా పోతున్నప్పుడు ఎవరైనా నడుపుతారు. అది మన వైపు తిరిగిందంటే కుడి ఎడమలు తారుమారవుతాయి. అప్పుడు వేళ్లు తడబడని పిల్ల కావాలి. ఇంకోటి, బంతి జారిపోయాక ఏం చేస్తుందన్నది. ఒకమ్మాయి అందరికంటే వేగంగా నడిపింది కానీ జారిన బంతి కోసమే మళ్లీ మళ్లీ పోయి మిగతావన్నీ మరిచిపోయింది. సుల్తానాబాద్ నుంచి వచ్చిన రేణుక బంతి జారగానే "పోనీ తియ్" అని నవ్వి పక్కదాని మీదికి పోయింది. బంతిని ఎత్తే చేయి ఆమెకు అప్పగించాను. మంథని అమ్మాయి షాహిన్‌కు రోబో ఎటు తిరిగినా ఒకటే. బొటనవేళ్లు నీళ్లలో చేపల్లా కదిలేవి. చక్రాలు ఆమెకు.

మరి కోచ్ ఎవరు? అప్పుడు ఆ ప్రశ్నే నాకు రాలేదు. నిఖిత ఉండగా ఇంకెవరు?

నిఖితది హుస్నాబాద్ దగ్గరి ఊరు. దున్న అస్థిపంజరం నుంచి ఆఖరి వైరు దాకా ఆమె చేతులు పడని చోటు లేదు. పోటీ నియమాల పుస్తకం మొత్తం నోటికి వచ్చు. నేనే అనుమానం వస్తే ఆమెను అడిగేదాన్ని. ఆమెను కోచ్ అని ప్రకటించిన రోజు మిగతా పిల్లలు చప్పట్లు కొట్టారు తప్ప ఎవరూ మొహం ముడుచుకోలేదు.

ప్రాక్టీస్ మొదలైంది. నిఖిత గొంతు కారిడార్ చివరిదాకా వినిపించేది.

"షాహిన్, లెఫ్ట్ లెఫ్ట్! కాదు కాదు, ముందల గా బాల్ తీస్కో! రేణుకా, చెయ్యి లేపు, లేపు! జల్ది! టైం పోతుంది! అయ్యో, గిటు కాదు!"

ఆమె చెప్పేదాంట్లో తప్పు ఉండేది కాదు. అదే నాకు అంతుపట్టని విషయం. చెప్పింది సరైనదే, నడిపేవాళ్లు నేర్పరులే, అయినా దున్న మాత్రం తాగినవాడిలా తూలేది. షాహిన్ బండి ఆపకముందే రేణుక చేయి లేపేది, బరువంతా పైకి పోయి దున్న బోర్లా పడేది.

"నువ్వు ఆగుతలేవు!" అని రేణుక.

"అరె, ఆగుతున్న! నువ్వే జర సబర్ చేస్తలేవు!" అని షాహిన్.

మధ్యలో నిఖిత కళ్లలో నీళ్లు. రోజులు గడుస్తున్న కొద్దీ ముగ్గురూ ప్రాక్టీస్ అయ్యాక మాట్లాడుకోవడం తగ్గించారు. అన్నం దగ్గర కూడా వేర్వేరు వరసల్లో కూర్చుంటున్నారని వార్డెన్ చెప్పింది. రోబో ఓడిపోవడం కంటే అది నన్ను ఎక్కువ భయపెట్టింది.

ఆ రోజుల్లోనే వైశాలి ఆ గదికి రావడం మొదలుపెట్టింది. ఆమెది ఆదిలాబాద్ దాటి, మహారాష్ట్ర సరిహద్దు పక్కన పత్తి పండించే ఊరు. ఇంట్లో సగం మరాఠీ, సగం తెలుగు. స్కూల్లో ఆమె ఖోఖో జట్టు కెప్టెన్. రాష్ట్ర స్థాయి సెలక్షన్లకు వెళ్లాల్సిన పిల్ల, ప్రాక్టీసులో కాలు మడతపడి చీలమండ దగ్గర లిగమెంట్ చిట్లింది. కట్టు కట్టిన డాక్టర్ ఈ ఏడాదికి ఆట మాట మరిచిపొమ్మన్నాడు. ఒక సాయంత్రం కుంటుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మేడం, గిక్కడ కూసోవచ్చా? గ్రౌండ్ దిక్కు సూడబుద్ధి అయితలేదు."

కూర్చోమన్నాను. ఒక కుర్చీలో కూర్చుని, ఇంకో కుర్చీ మీద కట్టుకాలు పెట్టుకుని, రోజూ మైదానం వైపు చూసేది. రోబోల మీద ఆసక్తి ఏమీ ఉన్నట్టు లేదు. ఒక్క ప్రశ్న అడిగేది కాదు. అప్పుడప్పుడు నోట్లో నోట్లో "అయిపాయె" అనేది.

ఒకరోజు నేను ఆమె పక్కనే నిలబడి ఉన్నాను. షాహిన్ బండిని మంచి ఊపులో మూలనున్న బంతి మీదికి తీసుకుపోతోంది. వైశాలి "అయిపాయె" అంది.

"ఏమైంది?" అన్నాను.

నా ప్రశ్న పూర్తయ్యేలోపు దున్న మూలలో ఇరుక్కుంది. ముందుకూ రాదు, వెనక్కీ రాదు.

"నీకు ముందే ఎట్లా తెలిసింది?"

ఆమె నన్ను వింతగా చూసింది, ఇందులో తెలియకపోవడానికి ఏముంది అన్నట్టు. "షాహిన్ బంతినే సూస్తుంది మేడం. బంతి యెనక జాగ లేదు. గాడికి పోతె తిరుగరాదు. ఖోఖోల గూడ గంతే. ఉరికేటోన్ని సూడొద్దు. ఆడు ఏ జాగలకు పోతడో గది సూడాలె."

ఖోఖో ఆడినవాళ్లకు ఇది తెలిసే ఉంటుంది. వరసగా కూర్చున్నవాళ్లలో ఒకరి వీపు తట్టి 'ఖో' అంటేనే వాళ్లు లేచి తరమాలి. ఆ మాట కాస్త ముందు అన్నా, కాస్త ఆలస్యంగా అన్నా తప్పించుకునేవాళ్లు తప్పించుకుపోతారు. వైశాలి చిన్నప్పటి నుంచి చేస్తున్న పని అదే. అయినా ఆ రోజు నాకు అంతదూరం ఆలోచన పోలేదు. చురుకైన పిల్ల అనుకుని ఊరుకున్నాను.

తర్వాత కొద్ది రోజులకు ఒక సాయంత్రం బ్యాటరీ పని చేయక, ఇంకోదాన్ని తీసుకురావడానికి నిఖిత స్టాఫ్ రూముకు వెళ్లింది. అంతలో పాత బ్యాటరీయే వైరు కదిపితే పనిచేసింది. షాహిన్, రేణుక ఖాళీగా ఉండలేక గేమ్‌ప్యాడ్లు తీసుకున్నారు. "వైశాలీ, జర నువ్వు చెప్పరాదు, నిఖిత వచ్చెదాంక" అంది రేణుక. ఉత్త కాలక్షేపానికి.

వైశాలి కుర్చీలోంచి లేవలేదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కుడి మూల ఖాళీ" అంది. షాహిన్ అటు పోయింది. మళ్లీ నిశ్శబ్దం. "ఇగ ఆగు." బండి ఆగింది. "లేపు." చేయి లేచింది, బంతి పై బుట్టలో పడింది. "నడిమిట్లకు." ఇంకో బంతి. ఒక్కో మాటకు మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీ ఉంది. ఆ ఖాళీలో ఇద్దరు పిల్లలూ తమ పని తాము చేసుకుంటున్నారు. దున్న నేల మీద జారుతున్నట్టు పోయింది. నేను ఆ రోబోను చాలా వారాలుగా చూస్తున్నాను. అది అలా నడవగలదని నాకు తెలియదు. చేతిలో ఉన్న టీ గ్లాసు చల్లారిపోయిందని తర్వాత గమనించాను.

సమయం అయ్యాక షాహిన్, రేణుక ఒకరినొకరు చూసుకుని గట్టిగా నవ్వారు. ఎన్నాళ్లకో. నేను తల తిప్పి చూస్తే నిఖిత గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కొత్త బ్యాటరీతో. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. లోపలికి వచ్చి, బ్యాటరీ బల్ల మీద పెట్టి, చెదిరిన బంతులు ఏరడం మొదలుపెట్టింది.

ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన. చూసింది మరిచిపోలేను. నిఖితను తప్పించలేను. ఆ పిల్లకు ఏమని చెప్పాలి? నువ్వు కట్టిన బండి నువ్వు లేనప్పుడు బాగా నడిచింది అని ఏ నోటితో అంటాను?

మర్నాడు మొదటి పీరియడ్‌కు ముందే నిఖిత ల్యాబ్‌కు వచ్చింది.

"మేడం, ఒక మాట చెప్త. మీరు కోపం జెయ్యొద్దు."

"చెప్పు."

"నన్ను కోచ్ నుంచి తియ్యిండ్రి."

చేతిలో ఉన్న సుద్దముక్క బల్ల మీద పెట్టాను. "ఎవరన్నా ఏమన్నా అన్నారా?" అన్నాను.

"ఎవ్వలేం అనలే. నిన్న తలుపు కాడ నిలవడి నేనే చూసిన. నేనున్నప్పుడు ఆళ్లిద్దరు ఘడియకోసారి యెనకకు మర్రి నా మొఖం చూస్తరు. నిన్న ఒక్కసారి గూడ చూడలే మేడం. దున్నను చూసుకుంట నడిపిర్రు."

"నీకు బాధగా లేదా?"

"ఉంది. మస్తున్నది." గోటితో బల్ల అంచు గీకుతూనే చెప్పింది. "గని దాన్ని చేసింది నేను. అది మంచిగ ఉరుకుతుంటె చూడాలనుంటది గద మేడం నాకు."

ఆమె వయసు పద్నాలుగేళ్లు. ఆ వయసులో నాకు తెలిసిన ఎవరూ, ఆ మాటకొస్తే నా వయసులో నాకు తెలిసిన చాలామంది కూడా, తమంతట తాము అలాంటి కుర్చీ ఖాళీ చేయడం నేను చూడలేదు. నేను ఆమె భుజం మీద చేయి వేసి నిలబడ్డాను. శభాష్ అనడం కూడా చిన్న మాటే అనిపించింది.

వైశాలి ఒప్పుకోలేదు. "నాకు బండి గురించి ఏం తెల్వది. గా పాయింట్లు, గా రూల్సు... నాతోని గాదు" అని తల అడ్డంగా ఊపింది. ఆమెను ఒప్పించింది నేను కాదు, నిఖితే. కట్టుకాలు పెట్టుకున్న కుర్చీ పక్కన నేల మీద కూర్చుని, "బండి గురించి నేను చెప్త. నువ్వు జాగ గురించి చెప్పు. గంతే" అంది. ఆ రోజు నుంచి రోజూ ఆమె వైశాలికి నియమాలు నేర్పింది. ఏ బుట్టకు ఎన్ని పాయింట్లు, ఏ గీత దాటితే పెనాల్టీ, ఎప్పుడు ఏం చేయకూడదు. నేర్పుతూ నేర్పుతూ ఇద్దరూ అన్నం దగ్గర కూడా ఒకేచోట కూర్చోవడం మొదలుపెట్టారు. మెల్లగా షాహిన్, రేణుక కూడా ఆ వరసలోకే వచ్చారు.

ప్రిన్సిపాల్ మేడంకు మాత్రం నచ్చలేదు. "శాంతకుమారి గారూ, ఆ పిల్ల ఖోఖో పిల్ల కదా. నిఖితను పక్కకు పెడితే మిగతా పిల్లలు ఏమనుకుంటరు? కష్టపడ్డోళ్లకు విలువ లేదనుకోరా?"

"ఆమెను నేను పక్కకు పెట్టలేదు మేడం. ఆమెనే వచ్చి అడిగింది."

"చిన్నపిల్ల అడిగితే మనం ఊకుంటమా?"

"ఒక్కసారి వచ్చి ప్రాక్టీస్ చూడండి."

ఆమె వచ్చింది, తలుపు దగ్గర నిలబడి చూసి, వెళ్లిపోయింది. రెండో రోజు మళ్లీ వచ్చింది. ఈసారి కుర్చీ వేయించుకుంది.

పోటీ హైదరాబాద్‌లో, ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఇండోర్ స్టేడియంలో జరిగింది. ప్రిన్సిపాల్ మేడం కూడా మాతో వచ్చింది. వైశాలి కట్టు అప్పటికి విప్పేశారు కానీ ఇంకా కొంచెం కుంటుతోంది. లోపలికి అడుగుపెట్టగానే మా పిల్లలు ఒకరి చేయి ఒకరు పట్టుకున్నారు. పెద్ద పెద్ద స్కూళ్ల జట్లు, వీపు మీద పేర్లు అచ్చేసిన జాకెట్లు, స్పీకర్లలో హోరు, డప్పులు, ఈలలు. మా వాళ్లు స్కూలు ట్రాక్ సూట్లలో ఉన్నారు.

మొదటి మ్యాచ్ ఘోరంగా ఓడిపోయాం. దున్న రెండుసార్లు బోర్లా పడింది. బయటికి వచ్చాక షాహిన్ ఏడుపు గొంతుతో చెప్పింది: "ఏం ఇనవడ్తలేదు మేడం. గా లొల్లిల ఆగు అంటుందో, లాగు అంటుందో సమజ్ అయితలేదు." చేయిని లోపలికి తీసుకోవడానికి మేము వాడుతున్న మాట 'లాగు'. గదిలో తేడా తెలిసేది. స్టేడియంలో రెండూ ఒకటే.

క్యాంటీన్ వెనక మెట్ల మీద కూర్చుని పిల్లలే దారి వెతికారు. వైశాలి "థాంబ్ అంట" అంది.

"అంటే ఏంది?" అంది రేణుక.

"ఆగు అని. మరాఠీల. మా అవ్వ ఎడ్లకు అంటది. ఠక్కున నిలవడ్తయి."

"మనది దున్ననే గద, ఇంటది!" అంది షాహిన్. ఏడుస్తున్న పిల్ల పగలబడి నవ్వింది. అందరూ నవ్వారు. ముందుకు పొమ్మనడానికి షాహిన్ ఇంట్లో మాట 'జా' తీసుకున్నారు. వదిలెయ్యి అనడానికి మళ్లీ మరాఠీ మాట 'సోడ్'. ఆ హోరులో ఆ మాటలు ఇంకెవరూ అనరు. ఇంకెవరూ అనని మాట ఎంత దూరం నుంచైనా చెవిలో పడుతుంది.

తర్వాతి మ్యాచ్ గెలిచాం. ఆ తర్వాతిదీ గెలిచాం. ఒకటి ఓడాం. లీగ్ దశ అయ్యేసరికి పట్టికలో మేము మధ్యలో ఎక్కడో ఉన్నాం. అక్కడి నుంచి పైనున్న జట్లు తమకు కావలసిన తోడు జట్టును పిలుచుకుని నాకౌట్‌కు పోతాయి. మమ్మల్ని ఎవరు పిలుస్తారులే అని మా పిల్లలు పనిముట్లు సర్దుతున్నారు. మైకులో మా జట్టు పేరు వినబడినా కాసేపు ఎవరూ కదల్లేదు. పిలిచింది పట్టికలో పైన ఉన్న హైదరాబాద్ జట్టు. వాళ్ల కోచ్ కుర్రాడు, పేరు రోహన్, మా దగ్గరికి వచ్చి, "మీ రోబో ఫాస్ట్ కాదు. బట్ ఎవరి దారికీ అడ్డం రాదు. ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడే ఉంటుంది. అదెలా?" అని అడిగాడు. మావాళ్లు వైశాలి వైపు చూశారు. వైశాలి తన కాలి వైపు చూసుకుంది.

ఇక నేను చెప్పదలుచుకున్న మ్యాచ్. సెమీఫైనల్‌లో చెరొకటి గెలిచాక మూడోది, తేల్చేది.

పిల్లలు గేమ్‌ప్యాడ్లు అందుకున్న కాసేపటికే దున్న చేయి పైకి లేస్తూ లేస్తూ ఒక్కసారిగా కుప్పకూలింది. చేయిని పైకి లాగే తాడు తెగిపోయింది. ఎవరి తప్పూ కాదు, అరిగిన తాడు అంతే. మైదానం పక్కన నిలబడ్డ నిఖిత రెండు చేతులతో నోరు మూసుకుంది. రేణుక గేమ్‌ప్యాడ్ మీద వేళ్లు కొట్టి కొట్టి, "వస్తలేదు! వైశాలీ, చెయ్యి వస్తలేదు!" అని అరిచింది. బంతిని ఎత్తలేని రోబో ఈ పోటీలో ఉన్నా లేనట్టే.

వైశాలి ఒక్కసారి వంగి చూసింది. "సోడ్" అంది. రేణుక గేమ్‌ప్యాడ్ దించేసింది. "గా అవతలోళ్ల ఎర్ర జెండా బండి మీద కన్ను పెట్టు. అది ఎటు పోతె అటు చెప్పు నాకు." చేయి నడిపే పిల్ల అర క్షణంలో కాపలా కాసే పిల్ల అయిపోయింది. తర్వాత పక్కనున్న రోహన్ వైపు తిరిగి, "మీరు బుట్ట కాడనే ఉండుండ్రి. ఏడికి పోవద్దు. బంతులు మేం తెస్తం" అంది. అతను ఒక్క క్షణం ఆమెను చూశాడు. పట్టికలో మొదటి వరసలో ఉన్న జట్టు కుర్రాడు. తల ఊపి తన డ్రైవర్లకు అదే చెప్పాడు.

"జా."

దున్న తల వంచి పోయింది. చేయి లేకపోయినా కొమ్ములున్నట్టు బంతుల్ని కుమ్ముకుంటూ తోడు రోబో ముందుకు తోసింది. వాళ్ల రోబో ఉన్నచోటే ఉండి ఏరి వేస్తోంది, ఏరి వేస్తోంది. "జా." ఇంకో గుంపు. "ఎర్రది ఎడమకొస్తుంది" అని రేణుక. "థాంబ్." ఎదుటి రోబో దున్న ముందు నుంచి ఉత్తగా దూసుకుపోయింది. "జా." స్టేడియంలో మాకు తెలియనివాళ్లు కూడా లేచి నిలబడుతున్నారు. ఎదుటి జట్టుకూ మాకూ పాయింట్లు ఒకదాని వెనక ఒకటి పెరుగుతున్నాయి.

అప్పుడు, ఆఖరి భాగంలో, వైశాలి మాట్లాడటం ఆపేసింది.

నేను పైనుంచి చూస్తున్నాను. పెదవులు కదలడం లేదు. భయపడిపోయింది అనుకున్నాను. "చెప్పు తల్లీ, ఏదో ఒకటి చెప్పు" అని గొణుగుతున్నాను, పక్కన ప్రిన్సిపాల్ మేడం నా మణికట్టు పట్టుకుని నొక్కుతోంది. వైశాలి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక అడుగు వెనక్కి వేసింది. ముందు షాహిన్, రేణుక. రేణుక చేతుల్లో ఇప్పుడు పనేమీ లేదు, అయినా ఇద్దరి తలలూ ఒకేసారి ఎడమకు తిరిగాయి, ఒకేసారి కుడికి. దున్న ఎదుటి రోబోను తప్పించుకుంటూ, అంచు వెంబడి ఒక పెద్ద చుట్టు తిరిగి, దూరపు మూలలో అందరూ మరిచిపోయిన బంతుల్ని తోసుకుంటూ వచ్చింది. ఎవరూ ఏమీ చెప్పలేదు. అంత హోరులోనూ ఆ ముగ్గురు నిలబడ్డ చోట ఒక నిశ్శబ్దం ఉంది. అది నాకు కనబడింది అంటే నమ్ముతారో లేదో. చదువుకున్న ఫిజిక్స్‌లో దానికి పేరు లేదు. గుడిలోనో చర్చిలోనో కొన్నిసార్లు అలా అనిపిస్తుంది, మాట్లాడితే ఏదో పాడవుతుందని.

గంట మోగింది. తోడు రోబో ఆఖరి బంతిని బుట్టలో వేసి ఉంది. రిఫరీలు లెక్క తేల్చి మా వైపు జెండా ఎత్తేదాకా ఎవరూ కూర్చోలేదు. అంచు దూకి మొదట పరిగెత్తింది నిఖిత. ఆమె దున్న దగ్గరికి పోలేదు. నేరుగా పోయి వైశాలిని ఎత్తుకుంది.

ఫైనల్ ఓడిపోయాం. నిఖిత కొత్త తాడు వేసింది, దున్న చక్కగా నడిచింది, అవతలివాళ్లు మాకంటే బాగా ఆడారు. అందులో చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఓడినవాళ్లుగా కరచాలనం చేసి వచ్చాం.

తిరుగు బస్సులో సిద్దిపేట దాటాక పిల్లలంతా నిద్రపోయారు. వైశాలి ఒక్కతే కిటికీ పక్కన మెలకువగా ఉంది. నేను పోయి పక్కన కూర్చున్నాను.

"ఆఖర్లో ఎందుకు ఊరుకున్నావ్? భయపడ్డావా?"

"లే మేడం." ఆమె కిటికీ అద్దం మీద వేలితో ఒక గీత గీసింది. "గప్పటికి ఆళ్లకే అంత కనవడ్తుంది. నేను మాట్లాడితె నా కండ్లతోని చూస్తరు. ఆళ్ల కండ్లు ఆళ్లకు ఉండాలె గద."

"వాళ్లకు కనబడుతోందని నీకెట్లా తెలిసింది?"

"ఏమో మేడం. వీపు చూస్తె తెలుస్తది." ఇంకేమీ చెప్పలేకపోయింది. చెప్పగలిగేది కాదనుకుంటాను.

మరుసటి ఏడాది ఆమె కాలు పూర్తిగా బాగై ఖోఖోకు వెళ్లిపోయింది. రోబోటిక్స్ గదికి మళ్లీ రాలేదు. మేము అడగలేదు కూడా, ఆమె స్థలం ఆ గ్రౌండే. పదో తరగతి అయ్యాక నిఖిత పాలిటెక్నిక్‌లో చేరింది. వెళ్లేముందు వైశాలి తర్వాతి కోచ్‌ను ఎంచుకోవడానికి నాతోపాటు కూర్చుంది. మేము పిల్లల్ని మైదానం బయట కూర్చోబెట్టి, లోపల ఏం జరగబోతోందో చెప్పమన్నాం. ఎవరు ముందుగా చెబుతారో చూశాం. ఆ తర్వాత చెప్పడం ఎవరు ఆపగలుగుతారో చూశాం. మొదటిది వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. రెండోది వచ్చినవాళ్లు వెతికితే తప్ప దొరకరు.

ఈ సంగతి నాకు నేర్పింది రోబోల గురించి కాదు. ఇరవై ఏళ్లుగా నేను మాట్లాడి బతుకుతున్న మనిషిని. పిల్లలకు కనబడనిది కనబడేలా చెప్పడం నా ఉద్యోగం. కానీ వాళ్లకు కనబడిందని గుర్తుపట్టి, సరిగ్గా అప్పుడు నోరు మూసుకుని ఒక అడుగు వెనక్కి వేయడం కూడా ఆ ఉద్యోగంలో భాగమేనని, బహుశా కష్టమైన సగం అదేనని నాకు తెలియదు. ఆ పిల్ల చేసి చూపిస్తేనే తెలిసింది.

మొన్న తొమ్మిదో తరగతిలో ఒకమ్మాయి బోర్డు మీద లెక్క చేస్తూ మధ్యలో ఆగింది. తప్పు ఎక్కడుందో నాకు కనబడుతోంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకున్నాను. తరగతి అంతా ఎదురుచూసింది. ఆమె ఒక అడుగు వెనక్కి జరిగి, తల వంచి చూసి, అరచేత్తో ఒక వరస చెరిపి, మళ్లీ రాసింది. ఈసారి సరిగ్గా వచ్చింది. అది పూర్తిగా ఆమె జవాబే.